ఏడో వరస

మొలక వాళ్ల నాన్నకు ఒక జబ్బు ఉంది. దానికి మందు లేదు, ఇంట్లో ఎవరూ వెతకనూ లేదు. వాడిన మొక్క కంటపడితే ఆయన చెయ్యి ఊరుకోదు. ఒకసారి పన్ను పీకించుకోవడానికి వెళ్లి, నోట్లో దూది ఉండగానే, మూలనున్న కుండీని చూపిస్తూ డాక్టరుకి ఏదో చెప్పబోయాడు. నొప్పి కాబోలు అనుకుని ఆ డాక్టరు ఇంకో సూది పొడిచాడు. బ్యాంకులో నిలబడితే కిటికీలో మొక్కకి తన మంచినీళ్ల సీసా వంచేవాడు. "మీ నాన్న తను దాహంతో చస్తాడు గానీ మొక్కని చావనివ్వడు" అని అమ్మ వచ్చేపోయేవాళ్లందరికీ చెప్పేది.

బస్సులు తిరిగే రోడ్డు పక్కన వాళ్లకు మొక్కల నర్సరీ ఉంది. నాన్న పెంచుతాడు, అమ్మ అమ్ముతుంది. ఆయన అమ్మితే ఆ నర్సరీ ఎప్పుడో మూతపడేది. కొనడానికి వచ్చినవాళ్ల ముఖం చూసి, "మీకెందుకులెండి ఈ మొక్క, మీరు చంపేస్తారు" అని పంపించేసే రకం ఆయన. కూతురి అసలు పేరు కాలేజీ రిజిస్టరులో మాత్రమే ఉంది. ఇంట్లో పుట్టినప్పటి నుంచీ మొలకే.

మొలక డిగ్రీ రెండో ఏడులో ఉండగా క్లాసంతటికీ వేసవి జ్వరం పట్టుకుంది. సెలవుల్లో పరిశోధన చేసే ల్యాబుల్లో డిగ్రీ పిల్లల్ని కొద్దిమందిని చేర్చుకుంటారు. చేరినవాళ్ల దశ తిరిగిపోతుందని సీనియర్లు చెప్పారు. చేరనివాళ్లు ఏమయ్యారో మాత్రం ఎవరూ చెప్పలేదు. ఇంకేముంది, అందరూ ప్రొఫెసర్లకు ఉత్తరాలు రాయడం మొదలుపెట్టారు. ఉత్తరం ఒకటే, పైన పేరు, మధ్యలో ఒక మాట మారుస్తారు. మొలక పక్కన కూర్చునే అమ్మాయి ఆ మాట మార్చడం కూడా మర్చిపోయి, సాలెపురుగుల మీద పనిచేసే పెద్దాయనకి "చేపల మీద మీ పరిశోధన చూసే నేను సైన్సులో చేరాను" అని పంపింది. ఆయన పాపం మర్యాదస్తుడు, చేపల ఆయన చిరునామా ఇచ్చి ఊరుకున్నాడు.

మొలక రాసినవాటికి చాలావరకు జవాబే లేదు. ఒక్క మేడమ్ మాత్రం రెండు ముక్కలు పంపింది. "సోమవారం రా. పాత చెప్పులు వేసుకుని రా." ఆవిడ మనిషి పొట్టి, మాట ఇంకా పొట్టి.

ఆ ల్యాబులో పని టమాటా మొక్కల మీద. నీళ్లు దొరకని చోట ఏ రకం టమాటా తట్టుకుని నిలబడుతుందో తేల్చాలి. కిటికీల్లేని గది, పైన తెల్లటి దీపాలు, బల్లల మీద వరసలు వరసలుగా కుండీలు, కుండీకో పళ్లెం. ఒక్కో వరస ఒక్కో రకం. అన్నిటికీ ఒకేసారి నీళ్లు ఆపేసి, ఏది ముందు తల వాలుస్తుందో, ఏది ఆఖరిదాకా నిలబడుతుందో రోజూ ఫొటో తీసి చూస్తారు. మొలకకి పని నేర్పింది పీహెచ్‌డీ చేస్తున్న ఒక అక్క. ఆ అక్క చదువు ఎన్నాళ్లుగానో ఆ టమాటాల దగ్గరే ఆగిపోయి ఉంది. ఎవరైనా ఎప్పుడు పూర్తవుతుందని అడిగితే, "మొక్కల్ని అడగండి" అనేది.

ఇంటి దగ్గర నాన్నకి మాత్రం నేల మీద కాలు నిలవడం లేదు. నర్సరీకి వచ్చినవాళ్లకల్లా, అడిగినా అడగకపోయినా, "మా అమ్మాయి రీసెర్చి చేస్తోందండీ" అని మొదలుపెట్టేవాడు.

"దేని మీదండీ?" అని ఒకాయన అడిగాడు.

"మొక్కలకి నీళ్లు మానేస్తే ఏమవుతుందో అని."

"దానికి రీసెర్చి ఎందుకండీ, చస్తాయి" అని ఆ పెద్దమనిషి గులాబీ మొక్క చంకన పెట్టుకుని వెళ్లిపోయాడు. నాన్న ముఖం చిన్నబోయింది. అమ్మ మాత్రం ఆ మాట తలుచుకుని వారం రోజులు నవ్వింది.

మొలకకి కావలసింది ఒక్కటే. మేడమ్ ఏటా వేసవికి వచ్చిన పిల్లల్లో ఒకరిని ఆపుకుంటుంది. ఆ ఒక్కరికి డిగ్రీ అయ్యేదాకా ఆ ల్యాబులో ఒక బల్ల, ఒక కుర్చీ, ఒక తాళంచెవి ఉంటాయి. ఆ తాళంచెవి కోసం మొలక కుండీలు కడిగింది, మట్టి జల్లెడ పట్టింది, చీటీలు అంటించింది. ఆశ అంటే అంత ఆశ. రాత్రి కళ్లు మూసుకుంటే ఆ కుర్చీయే కనిపించేది.

ఆదివారాలు గది చూసుకునే వంతు మొలకది. ఒక ఆదివారం కళ్లజోడు ఇంట్లో మర్చిపోయి వెళ్లింది. నాన్న స్కూటర్ మీద తెచ్చాడు. గేటు దగ్గర పుచ్చుకుని పంపెయ్యాల్సింది. గది తలుపు మీద బయటివాళ్లు రాకూడదని పెద్ద అక్షరాలతో రాసి ఉంది కూడా. కానీ ఆ పూట భవనంలో పురుగు కూడా లేదు.

"ఒక్కసారి చూసి పోతానమ్మా" అన్నాడు నాన్న.

మొలకకీ చూపించాలనే ఉంది. పుట్టి బుద్ధెరిగాక ఆయన పని ఆమె చూస్తూ పెరిగింది. తన పని ఆయనకు చూపించడం అదే మొదలు.

లోపల అడుగు పెట్టగానే నాన్న ఆగిపోయాడు. ఎనిమిది వరసల మొక్కలు ఆకులు వేలాడేసి, చీవాట్లు తిన్న పిల్లల్లా నిలబడి ఉన్నాయి.

"వీటికి నీళ్లు?"

"పొయ్యకూడదు నాన్నా. అదే కదా ప్రయోగం."

"ఎప్పటిదాకా?"

"పూర్తిగా పడిపోయేదాకా."

"ఆ తర్వాత పోస్తారా?"

"తర్వాత కోసి, ఎండబెట్టి తూకం వేస్తారు."

 అంతలో అక్క ఫోన్ చేసింది. పై అంతస్తులో ఫ్రిజ్ మోగుతోందని తన ఫోన్‌కి కబురొచ్చిందట, తలుపు సరిగ్గా పడిందో లేదో చూడమంది. మొలక పైకి వెళ్లి, తలుపు గట్టిగా నొక్కి, కిందికి వచ్చింది. నాన్న గుమ్మం దగ్గర చేతులు వెనక్కి కట్టుకుని నిలబడి ఉన్నాడు. మొక్కలున్న చోట ఆ మనిషి చేతులు కట్టుకుని నిలబడటం ఎవరూ చూసి ఉండరు. మొలక అది పట్టించుకోవాల్సింది. పట్టించుకోలేదు. ఆమె ఆ క్షణాన, నాన్నకి నా గది నచ్చిందా లేదా అనే ఆలోచిస్తోంది.

ఆ తర్వాత వరసలు ఒక్కొక్కటే పడిపోయాయి. ఏడో వరస మాత్రం పడలేదు. పడకపోవడమే కాదు, వాలిన తల మళ్లీ ఎత్తింది. అక్క పరిగెత్తుకుంటూ వెళ్లి మేడమ్‌ని తీసుకొచ్చింది. మేడమ్ అంత తొందరగా నమ్మే మనిషి కాదు. కుండీలో వేలు పెట్టి చూసింది. పొడి. తేమ చూసే సూది గుచ్చమంది. పైమట్టి అంతా పొడే. పళ్లెం తుడిచి చూసింది. అదీ పొడే. ఈ రకం మొక్క వేళ్లలోనే ఏదో విశేషం ఉండి ఉండాలని అక్క అంది. చాలా కాలం తర్వాత అక్క ఆరోజు మధ్యాహ్నం కడుపునిండా తిన్నది.

మేడమ్ వెళ్తూ వెళ్తూ మొలక వైపు తిరిగింది. "ఫొటోలు బాగున్నాయి. సెలవులయ్యాక ఏం చేస్తున్నావ్?"

ఆవిడ అంత పొడుగు మాట మాట్లాడటమే గొప్ప. ఆ ప్రశ్నకి అర్థం ఏమిటో ల్యాబులో అందరికీ తెలుసు. మొలక ఏనుగెక్కినట్టు ఇంటికి వచ్చింది.

భోజనాల దగ్గర అంతా చెప్పింది. నాన్న ముద్ద నోట్లో పెట్టుకోబోతూ ఆగాడు. "ఏడో వరసంటే గుమ్మం పక్కదేనా?"

"అవును, అదే."

"అది కోలుకుంటుందని నాకు తెలుసమ్మా. సీసాలో నీళ్లు దానికే సరిపోయాయి. మిగతావాటికి వీలు చూసుకుని నువ్వు పోస్తావులే అనుకున్నా." ఆయన గొంతులో తప్పు చేసినవాడి వణుకు లేదు, పసిపిల్లకి పాలు పట్టినవాడి తృప్తి ఉంది. "పైనుంచి పొయ్యలేదులే, మెడ కుళ్లిపోతుంది. పళ్లెంలో పోశాను. అడుగు నుంచి వేళ్లు మెల్లిగా తాగేస్తాయి. పైన మట్టి తడవను కూడా తడవదు. ఒక్క గుక్క నీళ్లకి మీ ప్రయోగం ఎక్కడికీ పోదు."

మొలక కంచంలోకి తల వంచుకుంది. పుట్టి మునిగిందని ఆమెకు తెలుసు. ఆయనకి తెలీదు. ఆ క్షణాన నాన్న మీద ఎక్కడలేని కోపం వచ్చింది, కోపం వచ్చినందుకు సిగ్గూ వచ్చింది. అమ్మ ఇద్దరి ముఖాలూ చూసింది. గిన్నెలు తీసేసింది.

తర్వాత పెరట్లో అమ్మ నెమ్మదిగా అడిగింది. "మీ నాన్న చేసింది పెద్ద తప్పేనా?"

"పెద్దదే."

"ఆయనకి చెప్పనా?"

"వద్దమ్మా. చెప్తే ఇంక నీళ్ల గొట్టం కూడా ముట్టుకోడు."

విషయం తెలిసింది ముగ్గురికి. అందులో ఒకరికి తెలిసినట్టే తెలీదు. నోరు మూసుకుంటే తాళంచెవి తనది, అక్క చదువు ఒడ్డున పడుతుంది, నాన్న మనసు నొచ్చుకోదు. ఇన్ని లాభాలున్న అబద్ధం మొలకకి ఎప్పుడూ ఎదురుపడలేదు. కానీ ఏడో రకం నీళ్లు లేకపోయినా బతుకుతుందని అచ్చులో పడుతుంది. ఎక్కడో ఎవరో దాన్ని నమ్మి ఎండిన నేలలో వేస్తారు. అది తల వాలుస్తుంది. అక్కడ సీసా వంచడానికి నాన్న ఉండడు. ఈ ఆలోచన వచ్చాక మొలకకి నిద్ర పట్టలేదు.

పొద్దున్నే అక్కకి చెప్పింది. అయితే నాన్న మాట ఎత్తలేదు. "నేనే పోశానక్కా. వాడిపోతుంటే చూడలేకపోయాను" అంది. బయటి మనిషిని గదిలోకి రానిచ్చానని ఒప్పుకోవాలంటే భయం. అంతకంటే, నాన్న పేరు ఆ గదిలో దొంగ పేరులా వినపడటం ఆమెకు ఇష్టం లేదు.

అక్క చాలాసేపు ఏడో వరస వైపే చూసింది. "నీకు తప్ప ఇంకెవరికి తెలుసు?" అంది మెల్లిగా. మొలక జవాబు చెప్పేలోపే తలడ్డంగా ఊపింది. "వద్దులే. నేనా మాట అనలేదు, నువ్వు వినలేదు. పద మేడమ్ దగ్గరికి."

మేడమ్ అంతా విన్నది. కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకుంది.

"పళ్లెంలో పోశావా?"

"అవును మేడమ్."

"అందుకే దొరకలేదు. చెప్పావు, మంచిది. ఏడో వరస లెక్కలోంచి తీసెయ్యండి. సెలవుల చివర పెట్టే పోస్టరు మీద మాత్రం ఉంచండి. ఎందుకు తీసేశామో రాయండి."

సెలవుల తర్వాత సంగతి ఆవిడ ఎత్తలేదు. కాదనీ అనలేదు. ఆశ చావదు కదా, మొలక ఆ కాదనకపోవడాన్నే పట్టుకుని వేలాడింది. అక్క మాత్రం ఆ తర్వాత పని మాటలు తప్ప వేరే మాట మాట్లాడలేదు.

వేసవి ముగిసే రోజున పెద్ద హాల్లో పిల్లలందరూ తాము చేసిన పని రాసిన పోస్టర్లు నిలబెట్టారు. ఇంటివాళ్లని కూడా పిలిచారు. నాన్న ఇస్త్రీ చొక్కా వేసుకుని, మేడమ్‌కి ఇవ్వడానికి ఒక పూలకుండీ చంకలో పెట్టుకుని వచ్చాడు. వెనకాల అమ్మ. అమ్మ ముఖంలో కంగారుంది.

నాన్న కూతురి పోస్టరుని పై నుంచి కిందికి వేలుపెట్టి చదివాడు. అర్థమైనచోట తలూపాడు, కానిచోట ఇంకా గట్టిగా తలూపాడు. ఏడో వరస దగ్గర వేలు ఆగింది. అక్కడ అడ్డంగా ఎర్ర గీత. దాని కింద, "పరిశోధకురాలు పొరపాటున నీరు పోసినందున ఈ వరస తొలగించడమైనది" అని ఉంది.

"ఇదేంటమ్మా? నువ్వెప్పుడు పోశావు?"

"వదిలెయ్ నాన్నా."

"గుమ్మం పక్క వరసే కదా ఇది?"

 అమ్మ పక్క పోస్టరు వైపు తిరిగి, అందులో కప్ప బొమ్మని మహా శ్రద్ధగా చూస్తోంది. నాన్న వేలు ఆ గీత మీదే ఉండిపోయింది. ముప్ఫై ఏళ్లుగా ఎన్ని మొక్కల్ని బతికించాడో లెక్కలేదు. నీళ్లు పోసి ఒకదాన్ని పాడుచెయ్యడం ఆయనకి అదే మొదటిసారి, అదీ సొంత కూతురిది. ఆయన ముఖం నల్లబడింది.

"నాతో ఒక్క మాట అనలేదేమే" అన్నాడు అమ్మతో.

"అంటే ఏం చేసేవారు?"

"ఇప్పుడు చేసేది అప్పుడే చేసేవాణ్ణి" అని ఆయన నేరుగా మేడమ్ దగ్గరికి నడిచాడు. మొలక చెయ్యి పట్టుకుని ఆపబోయింది. ఆగలేదు.

"మేడమ్ గారూ, ఆ నీళ్లు పోసింది మా అమ్మాయి కాదండీ. నేను. కళ్లజోడు ఇద్దామని వచ్చి లోపలికి వెళ్లాను. అది పైకి వెళ్లినప్పుడు పోశాను. దానికి తెలీదు." పూలకుండీ ఇంకా చంకలోనే ఉంది.

మేడమ్ ఆయన్ని వదిలేసి మొలకని చూసింది. "నిజమేనా?"

"నిజమే మేడమ్."

"మరి నువ్వు నాకు చెప్పిందేంటి?"

మొలక ఒక నిజం చెప్పి దానికి పక్కనే ఒక అబద్ధం అతికించింది. ఇప్పుడు ఆ అతుకు ఊడింది. రెండూ కలిసి ఊడివచ్చాయి.

"నీళ్లు పోస్తే ఒక వరస పోతుంది" అంది మేడమ్. గొంతు పెంచలేదు. "రాసిన కారణం అబద్ధమైతే పోస్టరు మొత్తం పోతుంది. పెన్నుందా?"

హాలంతా చూస్తుండగా మొలక పాత వాక్యం కొట్టేసి, కింద చేత్తో రాసింది. "నీరు పోసినది పరిశోధకురాలి తండ్రి. ఆయనను లోపలికి రానిచ్చినది పరిశోధకురాలు." అక్షరాలు వంకర టింకరగా వచ్చాయి. నాన్న ఇక ఆ పోస్టరు పక్కనుంచి కదల్లేదు. ఎవరు వచ్చి చదివినా, "ఆ తండ్రిని నేనేనండీ, పిల్ల తప్పేం లేదు" అని చెప్పాడు. చదవనివాళ్లని కూడా పిలిచి చెప్పాడు. సగంమంది నవ్వారు. మొలకకి భూమి బద్దలైతే బాగుండనిపించింది, ఆయన పక్కనుంచి జరగాలని మాత్రం అనిపించలేదు. అక్క దూరం నుంచి చూసి చూసి, వచ్చి ఆయనకి కుర్చీ వేసింది. "పళ్లెం సంగతి మేమెవరమూ అనుకోలేదండీ" అంది. ఆరోజు నుంచి మళ్లీ మొలకతో మాట్లాడింది.

తాళంచెవి మాత్రం, మొక్కల వేళ్ల మీద పనిచేసిన ఇంకో అమ్మాయికి వెళ్లింది. ఆ అమ్మాయి బాగా చేసింది, అందులో అనడానికేం లేదు. మొలక బస్సులో కిటికీ వైపు తిరిగి ఏడ్చింది. అమ్మ ఓదార్చలేదు, కొంగు ఇచ్చి ఊరుకుంది.

అయితే బస్సెక్కకముందు, హాలు ఖాళీ అయ్యేటప్పుడు మేడమ్ పిలిచి రెండు చిన్న కవర్లు చేతిలో పెట్టింది. "మిగిలిన విత్తనాలు. మూడోదీ ఏడోదీ. మూడోది ముందు పడిపోయేది, పోల్చుకోవడానికి. ఏడోది నిజంగా నిలబడుతుందో లేదో మనకి ఇప్పటికీ తెలీదు. మీకు నర్సరీ ఉందిగా. వచ్చే వేసవికి అందరితో పాటు మళ్లీ ఉత్తరం రాసుకో." నాన్న ఇచ్చిన పూలకుండీ అప్పటికే ఆవిడ బల్ల మీద ఉంది.

కవర్ల సంగతి విన్నాక నాన్న నర్సరీ చివర పాత షెడ్డు ఖాళీ చేసి, వాన జల్లు పడకుండా పైన రేకు సరిచేసి, చుట్టూ దళసరి వల కట్టాడు. వల మొక్కలకి కాదు, తన కళ్లకి. మొక్కలు చేతి ఎత్తు పెరిగి, మొలక నీళ్లు ఆపిన రోజు నుంచి ఆయన అటు వైపు పోలేదు. చెయ్యి ఆడక అమ్మ దగ్గరికి వచ్చి అమ్మకానికి కూర్చున్నాడు. ఆ వారం వ్యాపారం ఎంత బాగా సాగిందో అమ్మనే అడగాలి.

చివరికి ఒక సాయంత్రం మూడో వరస పడిపోయింది. పక్కనే ఏడో వరస కూడా తల వాల్చడం మొదలుపెట్టింది. మొలక వల లోపల నిలబడి చూసింది. ఎంతో ఊహించుకున్న వరస. మామూలు టమాటాయే. మూడోదానికంటే ఒక రాత్రికి మించి నిలబడేలా లేదు. ఆకులు మెత్తబడి, ఒక్కొక్కటే కిందికి దిగిపోతున్నాయి.  తెలీకుండానే మొలక చెయ్యి పక్కనున్న నీళ్ల డబ్బా మీదికి పోయింది.

"ఆగు" అన్న మాట వినిపించింది. నాన్న వల పక్కకి తీసి గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ఆయన కళ్లు వాలిన ఆకుల మీదే ఉన్నాయి. "పూర్తిగా పడిందా?"

"ఇంకా లేదు. పొద్దునకి పడిపోతుంది."

"ఫొటో తీశావా?"

తియ్యలేదు. మొలక డబ్బా వదిలేసి ఫోన్ తీసింది. ఆమె ఒక్కొక్క మొక్కకీ ఫొటో తీస్తున్నంతసేపూ నాన్న అక్కడే, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు. ఆ వేళ్లు ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుని ఉన్నాయి.